ఊరు సద్దుమణిగేదాకా ఉంచుకున్న కుక్కలు

ఎర్ర కుక్క మా ఇంటికి వచ్చింది సంత రోజున. సంత రోజంటే మా ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపదు. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక పెరట్లో చింతపండు, ఇప్పపువ్వు, చీపురుపుల్లల తూకాలు. లోపలి ఊళ్ల జనం తల మీద మూటలతో వచ్చి పెరట్లో కూర్చుంటే, అత్తయ్య వాళ్లకు టీ పోయించి, సరుకు తూచి, కావలసిన ఉప్పూ నూనే సబ్బులూ ఇప్పించేది. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఇల్లు. నేను మధిర పిల్లని. రైళ్ల చప్పుడు మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఇక్కడి నిశ్శబ్దానికి అలవాటు పడటానికే నాకు చాలా కాలం పట్టింది.

ఇంట్లో అత్తయ్య, మామయ్య, మావారు, నేను, మా ఇద్దరు పిల్లలు, మరిది, తోడికోడలు, వాళ్ల పాకే పాప. మామయ్య గుండె జబ్బు మనిషి. వరండాలో నులక మంచం మీదే ఎక్కువగా ఉండేవారు. అంతమందికి వండి పెట్టేసరికే పొద్దు వాలేది. అలాంటి ఇంట్లోకి కుక్క వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆ రోజు పెరటి గుమ్మంలో నిలబడ్డ మనిషి మాకు కొత్త కాదు. ఏళ్ల తరబడి మాకు అడ్డాకు విస్తర్లు తెచ్చి అమ్మే కోయ ముసలమ్మ. మా పిల్లలు అవ్వ అనేవాళ్లు, వాళ్లను చూసి మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆ రోజు ఆమె నెత్తిన విస్తర్ల కట్ట లేదు. చేతిలో నార తాడు ఉంది. తాడు చివర మూతి నెరిసిపోయిన ఎర్రటి కుక్క. ఎడమ చెవి సగమే ఉంది. మిగతా సగం ఎప్పుడో అడవి పంది చీల్చిందట.

"అక్కా, దీన్ని నీ పాకల కట్టేసుకో. ఊరు సద్దుమణిగినంక తీస్కపోత" అంది.

"ఏమైందే? ఎవర్నన్నా కరిచిందా?" అని అడిగింది అత్తయ్య.

"కరవలే. మొరుగుతది."

అత్తయ్య నవ్వబోయి, అవ్వ ముఖం చూసి ఆగిపోయింది.

ఆ ఏడాది లోపలి ఊళ్లలో కుక్కలు ఉండకూడదన్నారట. ఎవరన్నారని అత్తయ్య అడిగితే అవ్వ "అన్నరు" అని మాత్రమే అంది. లోపలివాళ్లే, అంటే అడవిలో ఉండే నక్సలైట్లే, చెప్పారని సంతలో కొందరు గుసగుసలాడారు. కాదు, పోలీసులన్నారని ఇంకొందరు. నాకు ఈ రోజుకీ తెలియదు. చీకట్లో అడవి దారుల్లో నడిచేవాళ్లు ఎవరైనా కానీ, వాళ్లకు కుక్క అరుపు గిట్టదు. ఒక ఊళ్లో కుక్క మొరిగితే ఎవరో వచ్చారని పక్క ఊరికి తెలిసిపోతుంది. తెల్లారాక, వచ్చింది ఎవరని అడగడానికి రెండోవాళ్లు వస్తారు. మధ్యలో ఊరు నలుగుతుంది. అందుకని కుక్కపిల్లలను చుట్టాల ఊళ్లకు పంపేశారు. వయసులో ఉన్నవాటిని పొలాల కాపలాకని ఎవరో ఒకరు తోలుకుపోయారు. ముసలివాటిని ఎవరడుగుతారు? ఎర్రదాన్ని కొట్టి చంపడానికి అవ్వ కొడుకే కర్ర తీసుకున్నాడట. అవ్వ దాని మెడకు తాడు కట్టి ఊళ్లోంచి బయటపడింది.

అత్తయ్య ఆ తాడు తీసుకుని పాకలో గుంజకు కట్టింది. ఇంట్లో ఎవర్నీ అడగలేదు.

రెండు వారాలు తిరక్కుండానే అవ్వ వాళ్ల ఊరి నుంచే ఒక నల్ల కుక్క వచ్చింది. రెండు కళ్లకూ పొరలు కమ్మి సరిగా కనిపించేది కాదు. ఆ తర్వాత ఇంకో గూడెం నుంచి వెనక కాలు కుంటే మచ్చల కుక్క. తెచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు, సద్దుమణిగాక తీసుకుపోతామని. అత్తయ్య అందరికీ సరేనంది.

వాటిని సాకడం తేలిక కాదు. మూడింటికీ పళ్లు అరిగిపోయాయి. నూకలు మెత్తగా జావ కాచి, చల్లార్చి సత్తు గిన్నెలో పోయాలి. గరిటెతో గిన్నెను కొడితే ఆ చప్పుడుకు వచ్చేవి. మచ్చలదానికి కాలి పుండు కడిగి పసుపూ వేపనూనే రాయడం నా పని. ఎర్రదాన్ని తాకనిచ్చేది అత్తయ్యనూ నన్నూ మాత్రమే. మావారు దగ్గరికి వెళితే పళ్లు చూపించేది. ఆయనా దాని జోలికి పోయేవారు కాదు. కంచె అవతల ఎవరు నడిచినా అది మొరిగేది. మామయ్య కునుకు తీస్తూ ఉలిక్కిపడి లేచి గుండె పట్టుకునేవారు. పాపం, కుక్కను ఒక్క మాట అనేవారు కాదు. "ఎవరొచ్చారు?" అని అడిగి, ఎవరూ లేరంటే మళ్లీ పడుకునేవారు.

ఒకరోజు పాప పాకుతూ పోయి నిద్రలో ఉన్న నల్లదాని తోక పట్టుకుని లాగింది. చూపు సరిగా లేని కుక్క అదిరిపడి తల తిప్పి పాప చేతిని నోట కరుచుకుంది. తోడికోడలు అరిచిన అరుపుకు కొట్లో జనమంతా లోపలికి పరుగెత్తుకొచ్చారు. నేను వెళ్లేసరికి కుక్క నోరు వదిలేసి గోడకు ఒదిగి వణుకుతోంది. పాప చెయ్యి చొంగతో తడిసింది, గాటు మాత్రం లేదు. తోడికోడలు ఆ పూట నాతో, అత్తయ్యతో మాట్లాడలేదు. మరునాటి నుంచి పాకకు తడిక కట్టించాం.

అవ్వ ప్రతి సంతకూ వచ్చేది. విస్తర్లు అప్పజెప్పి నేరుగా పాకలోకి వెళ్లి ఎర్రదాని పక్కన కూర్చునేది. నాలుకను అంగిలికి తాటించి ఒక చప్పుడు చేసేది. ఆ చప్పుడుకు కుక్క లేచి వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టేది. ఆమె తమ భాషలో ఏదో మెల్లగా చెప్పేది, పేలు తీసేది. చూసి చూసి నేనూ ఆ చప్పుడు నేర్చుకున్నాను. బియ్యం ఏరుకుంటూ చేసి చూస్తే, ఎర్రది చెవి నిక్కించి నావైపు చూసేది. మనిషిని చూశాక మళ్లీ తల వాల్చేసేది.

పోలీసు జీపు ఒక ఉదయం పూట వచ్చింది. నేను పిల్లలకు బడికి డబ్బాలు సర్దుతున్నాను. తుపాకులున్న ఇద్దరు గేటు దగ్గర నిలబడ్డారు. మామూలు చొక్కాలో ఉన్న అధికారి కొట్లో ఆగకుండా పెరట్లోకి వచ్చాడు. ఎర్రది తాడు తెంచుకునేలా మొరిగింది.

"ఈ కుక్కలెవరియి?" అన్నాడు.

"మావే బాబూ" అంది అత్తయ్య.

"మూడూ?"

"మూడూ."

"పెంచుకునేటోళ్లు పిల్లల్ని తెచ్చుకుంటరు. మీరేందమ్మా, మూడు ముసలియి ఏరి తెచ్చుకున్నరు?"

ఆయన పాకలోకి తొంగి చూసి, నావైపు తిరిగి, "తడిక తియ్యమ్మా. తాడు గూడ ఇప్పు. మీయే అయితే పిలిస్తే రావాలె గద" అన్నాడు.

ముడి ఊడలేదు. పళ్లతో లాగి విప్పాను. అత్తయ్య అరుగు మీదున్న సత్తు గిన్నె అందుకుని గరిటెతో టంగుటంగుమని కొట్టింది. నల్లది వాసన పట్టుకుంటూ వచ్చింది. మచ్చలది కుంటుకుంటూ వచ్చింది. ఎర్రది సగం దూరం వచ్చి ఆగింది. గేటు దగ్గరి తుపాకులవాళ్లను చూసి వీపు మీద వెంట్రుకలు లేపింది. దాని గొంతులో గుర్రుమనే శబ్దం మొదలైంది. గేటు దగ్గరి మనిషి తుపాకీ పట్టు మార్చుకున్నాడు. పెరట్లో ఎవరూ కదల్లేదు. అత్తయ్య ఇంకోసారి గిన్నె కొట్టింది, ఈసారి మెల్లగా. ఎర్రది వెనక్కి వెనక్కి చూసుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడింది.

ఖాళీ గిన్నె నాకుతున్న కుక్కలను అధికారి కాసేపు చూశాడు.

"సంత రోజు మీ పాకల కూసునే ముసల్ది ఎవరు?"

"విస్తర్లు అమ్ముద్ది" అంది అత్తయ్య.

"విస్తర్లు అమ్మేటామెకు కుక్కతోని గంటసేపు ముచ్చటేంది?" అని, జవాబు కోసం చూడకుండా మావారి వైపు తిరిగాడు. "నువ్వు రా. మాట్లాడేదుంది."

మావారు లుంగీ మార్చుకుంటానంటే ఒప్పుకోలేదు. మామయ్య మంచం మీంచి లేవబోయి లేవలేక, "అబ్బాయ్, అబ్బాయ్" అని పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపు ఎవరిని ఉద్దేశించిందో నాకు ఇప్పటికీ తెలియదు, కొడుకునో, ఆ అధికారినో.

ఆ పగలు ఎలా గడిచిందో చెప్పలేను. కొట్టు మూయడానికి అత్తయ్య ఒప్పుకోలేదు. మూస్తే భయపడ్డామనుకుంటారని తనే గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. మరిది స్టేషన్ దాకా వెళితే, లోపలికి పోనివ్వక చెట్టు కింద నిలబెట్టారు. నేను వండాను, పిల్లలకు పెట్టాను, అంట్లు తోమాను. రోడ్డు మీద ఏ బండి ఆగినా చేతిలో పని వదిలేసి పరుగెత్తాను. ఆ రోజు ఎర్రది మొరిగినప్పుడల్లా దాని గొంతు నొక్కేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

పొద్దు వాలుతుండగా మావారు తమ్ముడి వెనక బండి మీద వచ్చారు. "కొట్టలేదు. కూర్చోబెట్టారంతే" అన్నారు. బ్యాటరీలు ఎవరు కొంటున్నారు, బియ్యం బస్తాలకు బస్తాలు ఎవరు తీసుకెళుతున్నారు, అవ్వ ఎవరి తరఫున మాటలు మోస్తోంది అని మార్చి మార్చి అడిగారట. మంచినీళ్లు ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగారు.

తాగి, "అమ్మా, ఇక ఈ కుక్కలు ఇంట్లో ఉండకూడదు" అన్నారు.

"ఎక్కడికి పంపిస్తావురా?"

"ఏడికన్నా. నేను పిల్లలున్నోణ్ణి. మొరిగే కుక్క కోసం జైలుకు పోవాల్నా?"

"వాళ్లొచ్చి అడిగిందాకా ఉంచుతానని చెప్పాను. చెప్పాక రోడ్డు మీద ఎట్టా వదిలేది?"

"వాళ్లు మనకేమైతరమ్మా?"

"రేపు సంతకొస్తే అడుగుతాలే, తీసుకుపొమ్మని" అంది అత్తయ్య చివరికి. నేను మావారి పక్షమే. ఆ మాట పైకి అనలేదు కానీ అత్తయ్యకు తెలుసు.

సంతకు అవ్వ రాలేదు. అవ్వ ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఆ పై సంతకూ అంతే. అటునుంచి వచ్చే గూడేల జనాన్ని అడిగితే తల అడ్డంగా ఊపి సరుకు దించడంలో పడేవారు. దారిలో సోదాలు జరుగుతున్నాయని ఒకామె చెప్పి, చెప్పినందుకే భయపడి తూకం కూడా చూసుకోకుండా వెళ్లిపోయింది. మావారు కుక్కల మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తడానికి తీసుకుపోయే మనిషి ఉండాలిగా. ఆ రోజుల్లోనే మచ్చల కుక్క చనిపోయింది. మరిది కంచె అవతల గుంట తీసి పూడ్చాడు.

ఎర్రది తిండి మానేసింది. జావ గిన్నె ముందు పెడితే ముఖం తిప్పుకునేది. పగలంతా అడవి వైపే చూస్తూ పడుకునేది. పచ్చి గుడ్డు కలిపి పెట్టాను, అన్నంలో పాలు పోసి పెట్టాను. ముట్టలేదు.

ఒక ఉదయం చూసేసరికి పాకలో కొరికిన తాడు ముక్క మాత్రమే ఉంది. తడిక కింద మట్టి తవ్వేసి ఉంది.

అత్తయ్య గుమ్మంలోనే కూలబడింది. "ఊళ్లోకి పోయుంటది. పోతే చంపేస్తారు. చంపకపోతే ఆమెను బతకనివ్వరు" అంది.

మావారు పళ్లు తోముకుంటున్నారు. నోరు పుక్కిలించి, కండువా భుజాన వేసుకుని, బండి బయటికి తీశారు. నాతో, "నువ్వు గూడ ఎక్కు. నన్ను దగ్గరికి రానియ్యదు అది" అన్నారు. ఆయన వస్తారని నేను అనుకోలేదు. అడగలేదు కూడా.

తారు రోడ్డు దిగి మట్టి బాట పట్టాం. అప్పటికి ఆ బాట మీద నేనెప్పుడూ పోలేదు. టేకు ఆకులు రాలి రెండు పక్కలా ఎండిపోయి ఉన్నాయి. బండి చప్పుడు తప్ప ఏమీ లేదు. ముసలి కుక్క, పైగా తిండి లేనిది, ఎంత దూరం పోగలదని అనుకుంటూనే చాలా దూరం పోయాం. వాగు దగ్గరికి వస్తుండగా దాని అరుపు వినబడింది.

బాట మలుపు తిరిగింది. వాగు మీద చిన్న కల్వర్టు ఉంది. ఆ రోజుల్లో కల్వర్టు అంటేనే అందరికీ భయం. కింద మందుపాతర ఉందేమోనని పోలీసులు జీపులు ఆపి దిగి నడిచేవారు. కల్వర్టు మధ్యలో ఎర్రది నిలబడి మొరుగుతోంది. అవతలి పక్క పొదల్లోంచి, వాగు ఇసుకలోంచి ఒక్కొక్కరుగా మనుషులు కనిపించారు. చెట్ల రంగు బట్టలు, చేతుల్లో తుపాకులు. పొడవాటి ఇనుప కడ్డీలతో కల్వర్టు కింది మట్టి పొడిచి మందుపాతరలు వెతుకుతున్న ఇద్దరు పని ఆపి మావైపు తిరిగారు.

"ఆగు! ఆడనే ఆగు! బండి బంద్ చెయ్!"

మావారు ఇంజన్ ఆపేశారు. చేతులు పైకెత్తమన్నారు. ఎత్తాం. నా గాజులు మోచేతుల దాకా జారిపోయాయి. వాళ్ల నాయకుడిలా ఉన్నాయన అవతలి నుంచే గట్టిగా అడిగాడు.

"ఈ అడవిల మీకేం పని?"

"కుక్క కోసం వచ్చినం సార్" అన్నారు మావారు.

"దేని కోసం?"

"కుక్క సార్. గిదే. తాడు కొరుక్కొని వచ్చింది."

ఆయన నమ్మలేదని ఇక్కడిదాకా తెలుస్తోంది. పక్కనున్న మనిషి తుపాకీ కుక్క వైపు తిప్పాడు. అది మొరగడం ఆపలేదు. ఒక్కో మొరుగుకూ ఒళ్లంతా ఊగిపోతోంది, అయినా ఆపలేదు.

"దాని నోరు మూపియ్. లేకుంటే మేం మూపిస్తం."

నేను బండి దిగాను. మావారు నా కొంగు పట్టుకోబోయి, చేతులు పైకే ఉండాలని గుర్తొచ్చి ఆగిపోయారు. నాలుక అంగిలికి తాటించాను. నోరు ఎండిపోయి చప్పుడు రాలేదు. ఉమ్మి మింగి మళ్లీ ప్రయత్నించాను. వచ్చింది. కుక్క తల తిప్పి చూసింది. నేనేనని తెలిసి మళ్లీ అటు తిరిగి మొరిగింది. ఇంక నాకేమీ తోచలేదు. చేతులు పైకెత్తుకునే నడిచి కల్వర్టు దాకా వెళ్లాను. దాని పక్కన నేల మీద కూర్చున్నాను. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి నా ఒంటికి అదుముకున్నాను. అది గింజుకుంది, నా భుజం మీద పళ్లు ఆనించింది, కానీ కొరకలేదు. కాసేపటికి మొరుగు తగ్గి మూలుగు అయింది. తర్వాత అది కూడా ఆగింది.

ఎంతసేపు అలా కూర్చున్నానో. ఆ నాయకుడు కల్వర్టు మీదికి రాకుండా వాగు దిగి, ఇసుకలో నడిచి ఇవతలికి ఎక్కి వచ్చాడు. మెడకు వేలాడే తాడు ముక్క చూశాడు. నా ముఖం చూశాడు.

"ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను.

"మీకేమన్న తెలివుందా? మేం కాల్చేటోళ్లం. దీన్ని కాదు, మిమ్మల్ని. బండి సప్పుడు ఇని రెడీగ ఉన్నం" అన్నాడు.

మావారు కండువాతో కుక్క నడుము కట్టి నాకు అందించారు. ఎర్రది ఆయన్ని తాకనిచ్చింది. దాన్ని మా ఇద్దరి మధ్య కుక్కుకుని కూర్చున్నాను. దాని గుండె నా పొట్టకు కొట్టుకుంటోంది. మావారు కిక్ కొట్టారు. బండి అంటుకోలేదు. మళ్లీ కొట్టారు, కాలు జారింది. కడ్డీ పట్టుకున్న కుర్ర పోలీసు ఒకతను వచ్చి, తన బూటు కాలితో ఒక్క తన్ను తన్ని బండి స్టార్ట్ చేసి ఇచ్చాడు.

ఇంటికొచ్చాక మావారు కుక్కను దింపి, తనే జావ గిన్నె తెచ్చి పెట్టారు. అది తినలేదు, నీళ్లు మాత్రం తాగింది. మరునాడు కొంచెం తిన్నది. ఆయన తడిక కింద రాళ్లు పేర్చారు. దాన్ని పంపేయాలన్న మాట ఇక ఆయన నోట రాలేదు.

వానలు మొదలయ్యాక అవ్వ వచ్చింది. సగం మనిషి అయిపోయింది. కొడుకును పట్టుకుపోయారట. అతని కోసం ఆ ఊరూ ఈ ఊరూ తిరిగిందట. వదిలేశారని, ఇంటికి చేరాడని చెప్పింది. చెబుతూనే పాకలోకి వెళ్లిపోయింది. ఎర్రది ఆమె చప్పుడు చేయకముందే లేచింది.

చాలాసేపటికి బయటికి వచ్చి, "అక్కా, తీస్కపోత" అంది.

"సద్దుమణిగిందా?" అని అడిగింది అత్తయ్య.

"లే."

"మరి వద్దు అవ్వా, ఇక్కడే ఉండనీ. ఇప్పుడు తింటోంది కూడా" అన్నాను నేను. కల్వర్టు దగ్గర జరిగింది చెప్పాను. అవ్వ అంతా విని, నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఎన్నొద్దులు బతుకుతది బిడ్డా? నా ఇంటికాడ సావాలె అది. ఊకె కట్టేసి ఉంచితే ఏమున్నది?"

నేను అత్తయ్య వైపు చూశాను, ఆమె కాదంటుందని. అత్తయ్య తాడు విప్పి అవ్వ చేతిలో పెట్టింది. దారిలో తినిపించమని బెల్లం ముక్క కొంగున కట్టింది. ఆ ముసలిదీ ఆ ముసలి కుక్కా వానలో వెళ్లిపోతుంటే మావారు కొట్లోంచి బయటికి వచ్చి, రోడ్డు మలుపు తిరిగేదాకా చూశారు.

మళ్లీ సంత దాకా నాకు అన్నం సయించలేదు. అవ్వ ఒక్కతే రావడం చూసి నేను అడగలేకపోయాను. మావారే అడిగారు. "ఉన్నదయ్యా, మంచిగనే ఉన్నది. మొరుగుతలేదు. చెవులు పోయినయ్ దానికి. ఎవరొచ్చింది, ఎవరు పోయింది ఎరుక లేదు. గుమ్మంల పండుకుంటది" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తయ్య నవ్వింది. అవ్వ కూడా.

ఎర్రది వరి కోతలకు ముందే చనిపోయిందని తర్వాత తెలిసింది. నల్ల కుక్కను తెచ్చినవాళ్లు మిరప ఏరడానికి గోదావరి అవతలికి వెళ్లి, తిరిగి రాలేదు. నల్లది రెండేళ్లు మా పాకలోనే ఉంది. పాప నడక నేర్చి, గిన్నె పట్టుకుని దాని ముందు పెట్టేది. కళ్లు పూర్తిగా పోయాక అది మామయ్య మంచం కోడుకు ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టింది. మామయ్య చెయ్యి కిందికి వేలాడేసి దాని తల మీద ఉంచి నిద్రపోయేవారు.